ఎడమ రెక్క లేని చేపలు

పన్నెండో వారం

పోయిన వారం రెజీనాను ఒక ఇనుప బీరువా ముందు, చేతిలో గాజు జాడీతో నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా అట్లాగే నిలబడి ఉంది. ఆమె అక్కడికి ఎట్లా వచ్చిందో మరిచిపోయినవాళ్లకూ, ఈ వారమే పుస్తకం పట్టినవాళ్లకూ నాలుగు మాటలు.

రాజంపేటకూ రాయచోటికీ మధ్య కొత్తమిట్ట అని ఒక ఊరు. ఆ ఊరి పొలాలను నల్లవాగు డ్యాము మింగేసింది. పొలాలు పోయినవాళ్లకు సర్కారు అదే నీళ్లలో చేపలు పట్టుకొమ్మని లైసెన్సులిచ్చింది. అట్లా, అంతవరకు మడక తప్ప మరేమీ పట్టి ఎరగని నెహెమ్యా వల పట్టాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు రెజీనా. కడప శివార్లలోని ఒక మత్స్య పరిశోధనా కేంద్రంలో, తండ్రి వల వేసే ఆ డ్యాము చేపల మీదే ఐదేళ్లుగా డాక్టరేటు చేస్తోంది. డ్యాములో చేపలెన్నో తేల్చడం ఆమె పనిలో సగం. ఎగువనున్న రంగుల ఫ్యాక్టరీ వదిలే నీళ్లు ఆ చేపల ఒంట్లో కేన్సరు పుట్టిస్తున్నాయా అన్నది రెండో సగం.

లెక్క కోసం ఆమె డ్యాములో ఆరువందల శీలావతి చేపలు పట్టింది. ఒక్కోదానికి ఎడమవైపు పొట్టకింది రెక్క కత్తిరించి మళ్లీ నీళ్లలోకి వదిలింది. కొన్నాళ్లకు మళ్లీ వల వేస్తే, పడినవాటిలో ఏడింటికి ఒకటి చొప్పున రెక్క లేనిది వచ్చింది. దాన్నిబట్టి డ్యాము మొత్తానికి లెక్క కట్టింది. ఇక రెండో పనికి, పోల్చి చూడటానికి, ఫ్యాక్టరీ నీళ్ల వాసన కూడా తగలని చేపలు కావాలి. వాటిని ఊళ్లో చర్చి వెనక బావినీళ్ల తొట్టిలో పెంచింది. వాటి రెక్కల జోలికి ఎవరూ పోలేదు.

చివరికి నివేదిక తయారైంది. డ్యాము చేపకూ తొట్టి చేపకూ తేడా ఏమీ లేదు, నిక్షేపంగా తినవచ్చు అని అందులో తేల్చారు. సోమవారం పదింటికి అది కలెక్టరు కమిటీ ముందుకు పోతుంది. రెజీనా సంతకం ఒక్కటే పడాలి. పడితే ఆమె పేరు ముందు డాక్టరు అని చేరుతుంది. పడకపోతే ఐదేళ్లు గంగలో కలిసినట్టే.

శుక్రవారం నాడు, ఎప్పుడూ తాళం వేసి ఉండే ఆ బీరువా, వేరే గదికి మారుస్తుంటే తెరుచుకుంది. లోపల, పోలికకు వాడిన తొట్టి చేపలు ఇరవై జాడీల్లో ఉన్నాయి. వెనక వరసలో మూడింటికి ఎడమ రెక్క లేదు.

*

శనివారం పొద్దున్నే ఆమె లాజరుకు ఫోను చేసింది. లాజరు చర్చి గంట కొట్టే పెద్దాయన. తొట్టి బాగోగులు ఆయనకే అప్పగించింది.

"లాజరు మామా, నేను రెండు నెలలు హైదరాబాదులో ఉంటి గదా, కణాలు పెంచే పని నేర్చుకుంటా. అప్పుడు మన తొట్లోకి ఎవురన్నా బయటి చేపలు ఏసినారా?"

"ల్యా మా. బయటి చేపలు ఎయ్యగూడదని నువ్వు చెప్పిపోతివి గదా. నేను ఒగర్ని గూడా దగ్గరికి రానీలా."

"బాగ గ్యాపకం తెచ్చుకో మామా. ఒగటి గూడా ఎయ్యలేదా?"

"ఒగటి గూడా ల్యా. దేవుని చేపలు తప్ప."

రెజీనా వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది.

కోతపండుగకు పొలమున్నవాళ్లు తొలి గింజలు తెచ్చి చర్చిలో అర్పిస్తారు. కొత్తమిట్టలో పొలాలేవి? అందుకని వాళ్లు ఆ ఏటి తొలి పట్టు చేపలు తెస్తారు. చచ్చిన చేపను దేవుడి ముందు పెట్టడానికి వాళ్లకు మనసొప్పదు. పండుగకు ముందే బతికున్నవి తెచ్చి తొట్టిలో వదిలి, పండుగనాడు పట్టి అర్పించి, మధ్యాహ్నం ప్రేమవిందులో ఊరంతా కలిసి తింటారు. చిన్నప్పటి నుంచి తనూ తిన్న విందే అది. ప్రపంచంలోని చేపల జబ్బులన్నీ చదివిన పిల్లకు సొంత ఊరి పండుగ గుర్తు రాలేదు.

"పండగనాడు ఏసినవన్నీ తిరిగి పట్టేసినారా?"

"ఏది నీదో ఏది దేవునిదో ఎట్ల తెలుస్తాది మా? చేతికి దొరికినవి పట్టినాం. నీవి మేత తిని మెత్తగా అయినాయి, పిలిస్తే వస్తాండె. డ్యాము చేపలు యాడ దొరుకుతాయి, జారిపాయె."

"మామా, డ్యామువి అంటే బయటివే గదా!"

"దేవునికిచ్చినంక బయటివి ఎట్లయితాయి మా?" అన్నాడు లాజరు, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఆయన మీద కోపం తెచ్చుకోవాలని రెజీనా ప్రయత్నించింది. రాలేదు. ఫోను పెట్టేసి వేళ్ల మీద లెక్క చూసుకుంది. డ్యాములో ఏడింటికి ఒకటి రెక్క లేనిది. ఈ జాడీల్లో ఇరవైకి మూడు. రెండూ ఒకటే లెక్క. అంటే ఆ ఇరవైలో మూడు కాదు, ఇంచుమించు అన్నీ డ్యాము చేపలే. తను పెంచిన మంచి చేపలు ఆ ఏడు విందులో పులుసైపోయాయి. తేడా లేదంటే ఎందుకుంటుంది? డ్యాము చేపను డ్యాము చేపతోనే పోల్చి చూశారు.

సరే, పొరపాటు జరిగింది. తెలియక జరిగింది. దిద్దుకోవచ్చు. అంత సాదా మనసుతో ఆ పిల్ల జాడీ చంకన పెట్టుకుని మేడ మీదికి వెళ్లింది. రాయడానికి నాకే సిగ్గుగా ఉంది గాని, వెళ్లేటప్పుడు ఆమె నిజంగానే, సారు మెచ్చుకుంటాడేమో అనుకుంది.

*

రెజీనా పరిశోధనకు గైడు, ప్రొఫెసర్ భూపేష్ టీ తాగుతున్నాడు. తెల్లకోటు మీద ముడత ఉండదు ఆ మనిషికి. బల్ల మీద ఒక పక్క చేప కాలేయపు ముక్కలున్న గాజు పలకలు, వాటిని ఆనుకునే బిస్కెట్ల పళ్లెం. ఒక చేత్తో పలక జరిపి, అదే చేత్తో బిస్కెట్టు తీసుకున్నాడు.

రెజీనా నిలబడే అంతా చెప్పింది. కోతపండుగ, లాజరు, ఏడింటికి ఒకటి లెక్క. ఆయన మధ్యలో రెండుసార్లు "అయ్యయ్యో" అన్నాడు.

"చాలా దురదృష్టం అమ్మాయ్. మన పల్లెల్లో పరిశోధన చేయడమంటే ఇదే బాధ. కానీ ఇప్పుడేం చేస్తాం, రెండేళ్ల కిందటి మాట."

"మళ్లీ చేద్దాం సార్. తొట్టి కడిగించి కొత్త చేపలు వేస్తే ఆరు నెలల పని. కమిటీని గడువు అడుగుదాం."

"కమిటీకి కావలసింది ఒక్క మాట. ఆ మాట మన దగ్గరుంది. నువ్వు సంతకం పెట్టు, డాక్టరేటు తీసుకో, తరవాత నీ ఇష్టమొచ్చినన్ని తొట్లు కడుక్కో."

"అయితే సార్, నా పళ్లాలు..." అంటూనే రెజీనా ఆగిపోయింది.

ఆ పళ్లాల సంగతి కూడా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న కణాన్ని గాజు పళ్లెంలో పెంచితే, అది పెరిగి పెరిగి పక్క కణం తగలగానే ఆగుతుంది. కేన్సరు దారి పట్టిన కణానికి ఆ మర్యాద ఉండదు. పక్కదాని మీదికెక్కి, దాని మీద ఇంకోటెక్కి, గుట్టలుగా పోస్తుంది. రెజీనా ఎలుక కణాలు పెంచి, వాటికి డ్యాము చేపల కాలేయపు రసం పెట్టింది. గుట్టలు లేచాయి. తొట్టి చేపల రసం పెట్టింది. వాటిలోనూ గుట్టలే. మంచి చేప రసానికి కణాలెందుకు చెడతాయి? "నీ చేతి తప్పు. శుభ్రత చాలదు. ఎంతైనా అలవాటు ఉండాలి కదా," అన్నాడు ఈ పెద్దమనిషి అప్పుడు. ఎంతైనా అన్న మాట దగ్గర కాస్త ఆగి మరీ అన్నాడు. ఆమె పదకొండుసార్లు మళ్లీ చేసింది. సబ్బుతో, స్పిరిటుతో చేతులు రుద్దుకుని రుద్దుకుని తోలు లేచిపోయింది. హాస్టల్లో దుప్పటి కప్పుకుని, నేను ఈ చదువుకు పనికిరాను అని ఏడ్చింది.

ఇప్పుడు ఆ చేతులకేసి చూసుకుంది. ఆ చేతులు ఏ తప్పూ చేయలేదు.

తల ఎత్తేసరికి భూపేష్ వెనక గోడ పొడవునా అరల్లో పాత జాడీలు కనిపించాయి. ఆ కేంద్రం పుట్టినప్పటి నుంచి పోగుచేసిన చేపలు. అన్నిటి తలలూ ఎడమవైపుకే తిరిగి ఉన్నాయి. ఆమె చేరిన మొదటి రోజు ఈయన చెప్పిన మొదటి పాఠం అదే. చేపను ఎప్పుడు దాచినా, ఫొటో తీసినా, బొమ్మ గీసినా తల ఎడమకు ఉండాలి, ఎడమ పక్క చూసేవాడివైపు ఉండాలి. ప్రపంచమంతా అదే పద్ధతి.

రెజీనా తన చంకలోని జాడీని బల్ల మీద పెట్టింది. నిన్నటి నుంచి రెక్క లేని చోటునే చూస్తోంది గాని, దాన్ని చూడటానికి జాడీని వెనక్కి తిప్పవలసి వచ్చిందని ఇప్పటిదాకా తట్టనే లేదు. చేపను గాజు పలకకు తెల్లదారంతో కట్టారు. ముడులు ముచ్చటగా ఉన్నాయి. చీటీ మీద రాత ఈయనదే.

"సార్, దీని తల కుడివైపుకు ఎందుకుంది?"

భూపేష్ చేతిలో బిస్కెట్టు విరిగి టీలో పడింది.

"పదిహేడు జాడీల్లో సరిగ్గానే ఉంది సార్. రెక్క లేని మూడింట్లోనే కుడివైపుకుంది. ఎడమ పక్క కనబడకుండా వెనక్కి పెట్టి కట్టారు. కట్టింది మీరు. అప్పుడు నేను హైదరాబాదులో ఉన్నాను."

ఆయన చెంచాతో ఆ నానిన బిస్కెట్టు ముద్దను జాగ్రత్తగా బయటికి తీశాడు. తీసి, నోట్లో పెట్టుకుని మింగాడు. తడి కాగితంతో మూతి తుడుచుకున్నాడు. అప్పుడు మాట్లాడాడు. గొంతులో తొట్రుపాటు లేదు.

"కూర్చో."

"ఉండనీండి సార్."

"నివేదికలో ఒక్క అబద్ధం చూపించు. డ్యాము చేప రక్తంలో వెయ్యి కణాలకు పంతొమ్మిది దెబ్బతిన్నవి. నీ తొట్టి నుంచి తీసిన చేపలో పదిహేడు. పెద్ద తేడా లేదు. ప్రతి అంకె నిజం. అంకెలు నేను పుట్టించలేదు, మీ చర్చి తొట్టి ఇచ్చింది."

"మంచి చేపకు రెండుకు మించి ఉండవని మీరే చెప్పారు!"

"పాఠం వేరు, నివేదిక వేరు."

"మీకు రెక్క చూడగానే తెలిసింది. ఒక్క ఫోను చేసి ఉంటే..."

"చేసి? ఫ్యాక్టరీ మూస్తారు. దానికంటే ముందు, డ్యాములో వేట ఆపుతారు. మీ ఊరివాళ్లు రాళ్లు కొట్టుకోవడానికి పోతారు. నేను కాపాడింది ఎవరిని అమ్మాయ్? మీవాళ్లనే. నన్నిట్లా చూస్తావేం?"

అబద్ధమాడినవాణ్ని క్షమించవచ్చునేమో. ఆ అబద్ధాన్ని మన నెత్తిన ఉపకారంగా పెట్టేవాణ్ని చూస్తే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. రెజీనా ఆయన చేతికేసి చూసింది. ఈ చెయ్యే కదా తనకు మైక్రోస్కోపు పట్టుకోవడం నేర్పింది, ఈ మనిషికే కదా తను ఐదేళ్లుగా ఎదురుపడ్డప్పుడల్లా చేతులు కట్టుకుని నిలబడింది. ఆ గదిలోని మందునీళ్ల వాసన కొత్తగా ముక్కుకు కొట్టింది. ఇన్నేళ్లూ ఆ వాసన చేపలదనుకుంది.

"నేను సంతకం పెట్టను సార్. సోమవారం ఈ మూడు జాడీలూ కమిటీ బల్ల మీద పెడతాను."

భూపేష్ నవ్వాడు. నిజంగానే సరదా పడ్డట్టు నవ్వాడు.

"మీ నాన్న నయం. ఒక్కసారి చెబితే అర్థం చేసుకున్నాడు."

"మా నాయనా?"

"రెండేళ్ల కింద ఇదే గదికి వచ్చాడు. ప్లాస్టిక్ కవరు పట్టుకుని. కవర్లో ఏముందో, నేనేం చెప్పానో ఇంటికెళ్లి అడుగు. అడిగాక కూడా జాడీలు తేవాలనిపిస్తే, తప్పకుండా తీసుకురా. జాడీలెట్లా బయటపడ్డాయో అందరికీ చెప్పేటప్పుడు, అది కూడా నువ్వే చెప్పాలి మరి."

ఆయన మళ్లీ బిస్కెట్ల పళ్లెం వైపు చెయ్యి చాచాడు.

*

మధ్యాహ్నం బస్సెక్కి నాలుగున్నరకు కొత్తమిట్టలో దిగింది. జాడీ ఆమె సంచిలో, తువ్వాలులో చుట్టి ఉంది.

మరునాడే కోతపండుగ. చర్చి ముందు షామియానా కడుతున్నారు. ఇంటి పెరట్లో తల్లి రత్నమణి కత్తిపీట ముందు కూర్చుని, బూడిద అద్దుకుంటూ చేప తోముతోంది. తండ్రి నెహెమ్యా నీలం డ్రమ్ములోకి బిందెతో నీళ్లు పోస్తున్నాడు. డ్రమ్ములో రేపటి అర్పణ చేపలు, ఈ ఏటి తొలి పట్టు, తోకలతో నీళ్లు కొడుతున్నాయి.

"వచ్చినావా పాపా? కాళ్లు కడుక్కో. నువ్వొస్తాండావని మీ నాయన చేప తెచ్చినాడు," అంది రత్నమణి.

రెజీనా కాళ్లు కడుక్కోలేదు. తల్లి పక్కన గొంతుక్కూర్చుని, నేల మీద రాలిన పొలుసు ఒకటి తీసింది. రూపాయి బిళ్లంత ఉంది. సంచిలోంచి భూతద్దం తీసి, పొలుసును వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఎందుకు చూసిందో ఆమెకే తెలియదు. ఐదేళ్లలో రెండువేల పొలుసులు చూసిన అలవాటు కావచ్చు, తండ్రి మొహం చూడటం వాయిదా వేయడానికీ కావచ్చు.

చేప పెరిగేకొద్దీ పొలుసు మీద సన్నని గీతలు పడతాయి. నల్లవాగు డ్యాములో ఎండాకాలం నీళ్లు అడుగంటుతాయి, చేపకు తిండి ఉండదు, పెరుగుదల ఆగుతుంది. గీతలన్నీ ఒకచోట దగ్గరదగ్గరగా వచ్చి నల్లటి పట్టీ కడతాయి. ఈ సీమలో నీళ్లు లేక మనుషులు పడ్డ పాట్లన్నీ చేప కూడా పడుతుంది, ఒంటి మీద రాసుకుంటుంది.

ఈ పొలుసు మీద పట్టీ లేదు. గీతలన్నీ వెడల్పుగా, తీరుగా, ఒకే మాదిరి ఉన్నాయి. ఇంకో పొలుసు తీసింది. మరొకటి తీసింది.

"నాయనా, ఈ చేప యాడిది?"

"యాడిదేమి పాపా. మన డ్యాముదే."

"ఇది ఎండాకాలం సూడలేదు నాయనా. మేతేసి గుంటలో పెంచిన చేప. మన డ్యాముది కాదు."

బిందె చేతిలోనే ఉండిపోయింది. రత్నమణి తోమడం ఆపి మొగుడి వైపు చూసింది.

"ఇంగెన్నాళ్లు దాస్తావు? చెప్పు," అంది.

నెహెమ్యా బిందె దించి, అరుగు మీద కూర్చున్నాడు.

"రెండేండ్లాయె. ఒగ చేపను కోస్తే కార్జం నిండా గడ్డలు. సద్దగింజలంత. ఒగటి గాదు, ఆ పొద్దు కోసిన నాలుగూ అట్లే ఉండె. కవర్లో ఏసుకోని మీ సారు కాడికి పోతి. ఆయప్ప సూసి, 'ఇంట్లో తినద్దు నెహెమ్యా, బయట చెప్పద్దు. చెప్తే యాట ఆపేస్తారు, మీ పాప చదువు గూడా ఆడికాడికే నిలిచిపోతాది' అనె."

"మల్ల?"

"ఆ పొద్దుటి నుంచి ఇంట్లేకి రాజంపేట అంగట్లోదే తెస్తాండా. నీకు ఏమీ కాగూడదు పాపా. నీకోసరమే."

హాస్టలుకు డబ్బాలో కట్టిచ్చిన పులుసులన్నీ రెజీనాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మా నాయన పట్టిన చేప అని చెప్పి గది పిల్లలందరికీ పంచింది. ఆ మాట అన్న నాలుకను కడుక్కోవాలనిపించింది. మేడ మీది తెల్లకోటును అసహ్యించుకోవడం ఎంత సులువుగా జరిగిపోయింది! ఈ ఎండిన కాళ్లనూ, వల తాళ్లు కోసిన ఈ చేతులనూ అట్లా అసహ్యించుకోవడం ఎట్లా? కానీ అసహ్యం వేసింది. వేయలేదని రాస్తే అది ఇంకో తప్పుడు నివేదిక అవుతుంది.

"మనింట్లేకి అంగడి చేప. సరే నాయనా. మరి నువ్వు రోజూ పట్టేవి ఎవురు తింటాండారు?"

డ్రమ్ములో చేప ఒకటి పైకెగిరి, నీళ్లు నెహెమ్యా కాళ్ల దాకా చిందాయి.

"రేపు విందులో ఎవురు తింటారు నాయనా?"

అప్పుడే వీధిలో ట్రాలీ ఆటో ఆగింది. లాజరు లోపలికి తొంగి చూశాడు. పండుగకని కొత్త చొక్కా ముందే తొడిగాడు, మొహమంతా నవ్వు.

"నెహెమ్యా! ఏమప్పా, దేవుని చేపలు సిద్ధమేనా? తొట్టి కడిగి పెట్టినా. రెజీనమ్మా, నువ్వూ వచ్చినావా, శానా మంచిదాయె!"

రత్నమణి చేపను కత్తిపీట మీదే వదిలి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లాజరుకు ఏమీ అర్థం కాక ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. ఆయనకు తెలియాలంటే ఒక్క మాట చాలు. ఆ మాట చెప్పగలిగిన ముగ్గురూ ఆ పెరట్లోనే ఉన్నారు.

నెహెమ్యా లేచాడు. కూతురి మొహం చూడలేదు. డ్రమ్ము దగ్గరికి నడిచి, వంగి, ఒక పక్క పిడి పట్టుకున్నాడు.

"ఆ పక్క పట్టు పాపా," అన్నాడు. "బరువుండాది."